ఆరోగ్య పథం: పొడిబారిన చర్మం – మాయిశ్చరైజర్ల పాత్ర



దీపావళి వెళ్ళి మార్గశిరం ప్రవేశించగానే రాయ్‌పూర్, భిలాయి ప్రాంతాలలో నివసించే మన తెలుగు కుటుంబాల వారందరికీ ఒకే విధమైన అనుభవం కలుగుతుంది. పెదవులు చిట్లుతాయి. కాళ్ళమీద గోటితో గీస్తే సున్నపు చార పడుతుంది. స్నానం చేసిన పావుగంటకే ఒళ్ళంతా బిగిసినట్లై దురద మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల సముద్రపు గాలిలో పెరిగినవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది. 1931లో విజయనగరం – రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయిన నాటినుండి బ్రతుకు తెరువుకై ఇటు వచ్చిన మనవారు భాషను, పండుగలను, ఆవకాయను వెంట తెచ్చుకోగలిగారు గాని, ఆ తేమ గాలిని మాత్రం తెచ్చుకోలేకపోయారు. శీతకాలపు పొడిగాలి ఒక ఎత్తు. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో 45 డిగ్రీలకు చేరే ఎండలో వీచే వడగాలి మరొక ఎత్తు. రెండూ చర్మంలోని నీటినే అపహరిస్తాయి.

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో టాటీబంధ్ నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ విపులంగా ఉన్నది. ఆమె నాలుగేళ్ళ కుమారునికి మోచేతి మడతలలో, మోకాళ్ళ వెనుక విడువని దురద. అత్తగారు ప్రతిదినం ఆవనూనెతో మర్దనా చేస్తున్నారు. మందుల దుకాణంలో ఇచ్చిన ఒక ట్యూబు వారం రోజులు పనిచేసింది, మానగానే దురద రెండింతలై తిరిగి వచ్చింది. రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి విరమించిన మామగారికి మడమలు లోతుగా పగిలి ఉన్నాయి. చెల్లెలు గర్భవతి, పుట్టబోయే బిడ్డకు మొదటి రోజునుండి క్రీము వ్రాస్తే ఇటువంటి బాధ రాకుండా ఉంటుందా అని మరొక ప్రశ్న. చివరగా ఆమె ఇలా అడిగారు: "ఇందరికీ సరిపడే మంచి మాయిశ్చరైజర్ ఏదో తెలుపగలరు. మా ఇంటికి దగ్గరలోనే పెద్ద ఆస్పత్రి ఉన్నది గాని, ఒంటికి పూసుకొనే క్రీము కొరకు ఆ వరుసలో నిలబడడం భావ్యమా?"

ప్రశ్న సమంజసమైనదే. అయితే ఆ ఉత్తరంలో మధ్యన, ఆమె పెద్దగా పట్టించుకోకుండా వ్రాసిన ఒక వాక్యం ఉన్నది. మామగారి కుడికాలి చెప్పు నడుస్తుండగా జారిపోయినా ఆయనకు తెలియడం లేదట. మనుమడు వెనుకనుండి తెచ్చి ఇస్తాడట. ఇంట్లో అందరూ దానిని వయసు మీద పడడం వలన కలిగిన మరపుగా భావిస్తున్నారు. సోదరీ, మిగిలిన సమాధానాలన్నీ తీరికగా చదవవచ్చు. మామగారిని మాత్రం ఈ సంచిక చేతికందిన మరునాడే వైద్యునికి చూపించండి. చెప్పు జారిపోయినా తెలియకపోవడం మరపు కాదు, పాదంలో స్పర్శ లోపించిందనడానికి సూచన. మధుమేహం వలన గాని, కుష్ఠువ్యాధి వలన గాని, నరాలకు సంబంధించిన వేరొక కారణం వలన గాని ఇది జరుగవచ్చు. టాటీబంధ్‌లోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2012లో ప్రారంభమైనది. చర్మవ్యాధుల విభాగం అక్కడ ఉన్నది. ఆ వరుసలో నిలబడవలసింది క్రీము కొరకు కాదు, ఆ పాదం కొరకు.

ఇక చర్మం సంగతి. మన చర్మపు పైపొర కాగితం కంటె పలుచనిది. మీటరులో లక్షవ వంతులలో కొలవవలసినంత పలుచన. అరచేతులలో, అరికాళ్ళలో మాత్రమే అది దళసరిగా ఉంటుంది. పదిహేను, ఇరవై వరుసల మృతకణాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే ఈ పొరను అమెరికా చర్మ శాస్త్రజ్ఞుడు పీటర్ ఎలియాస్ ఇటుకల గోడతో పోల్చాడు. కణాలు ఇటుకలు, వాటి మధ్యనుండే సిరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం సున్నం. ఉక్కు కొలిమి లోపల పేర్చిన అగ్ని ఇటుకలను చూసిన మన ఉద్యోగ సోదరులకు ఈ పోలిక విశదీకరించవలసిన అవసరం లేదు. ఇటుక ఎంత గట్టిదైనా అతుకు వదులైతే ఏమగునో వారికి బాగుగా తెలుసు. చర్మంలో అతుకు వదులైతే లోపలి నీరు బయటకు పోతుంది, బయటి సబ్బు, ధూళి, సూక్ష్మక్రిములు లోపలకు వస్తాయి. దురద అప్పుడు పుడుతుంది. గోకితే గోడ మరింత కూలుతుంది. మరింత దురద పుడుతుంది.

పొడిబారిన చర్మానికి కావలసినది నూనె అని మనం సాధారణంగా అనుకుంటాము. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ నమ్మకాన్ని ఒక సులభమైన ప్రయోగంతో పరీక్షించాడు. ఎండి పెళుసుబారిన కాయచర్మపు ముక్కలను ఆయన నూనెలలో నానబెట్టి చూశాడు; అవి మెత్తబడలేదు. నీటిలో ఉంచగానే మెత్తబడ్డాయి. చర్మాన్ని మృదువుగా ఉంచేది నీరేనని, నూనె చేసే మేలు ఆ నీటిని పోనీయకుండా పట్టి ఉంచడమేనని దీనివలన తేలింది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే మాయిశ్చరైజర్ల వాడుకలో సగం సందేహాలు తీరుతాయి. పొడి ఒంటికి పూసిన క్రీము, తడి ఒంటికి పూసిన క్రీము ఒకే ఫలితాన్ని ఎందుకు ఇవ్వవో కూడా అర్థమవుతుంది. స్నానం ముగించి, తువ్వాలుతో గట్టిగా రుద్దకుండా అద్దుకొని, చర్మం ఇంకా కొద్దిగా తడిగా ఉండగానే, అనగా రెండు మూడు నిమిషాలలోపే పూసుకోవలెను. బట్టలు వేసుకొని, పూజ ముగించి, ఫలహారం కూడా అయిన తరువాత పూసుకొనే క్రీము సగం వృథా.

దుకాణాలలో లభించే పూతలన్నీ మూడు రకాల పదార్థాల కలయికలే. చర్మంపై మూతవలె నిలిచి నీటిని ఆవిరి కానీయనివి మొదటి రకం. వీటిలో పెట్రోలియం జెల్లీని మించినది నేటికీ లేదు. 1859లో రాబర్ట్ చీజ్‌బ్రో అనే యువ రసాయనవేత్త పెన్సిల్వేనియాలోని చమురు బావుల వద్దకు వెళ్ళినప్పుడు, పంపు కడ్డీలకు పేరుకొనే మైనం వంటి మడ్డిని అక్కడి కార్మికులు తమ గాయాలకు, కాలిన చోట్లకు పూసుకోవడం గమనించాడు. దానిని శుద్ధిచేసి 1872లో పేటెంటు పొంది వ్యాసలైన్ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. ఈనాడు ప్రపంచమంతటా ఇంటింటా ఉన్న ఆ డబ్బా కార్మికుల అనుభవంలో నుండి పుట్టినదని మనవంటి సంస్థల ఉద్యోగులు గర్వంగానే చెప్పుకోవచ్చు. గ్లిజరిన్, యూరియా వంటివి రెండవ రకం. ఇవి నీటిని ఆకర్షించి పైపొరలో నిలుపుతాయి. మూడవ రకం కణాల మధ్య ఖాళీలలో చేరి గరుకుదనాన్ని తగ్గించే జిడ్డు పదార్థాలు. రెండవ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు తేనెమైనం, నూనె, నీరు కలిపి చేసిన లేపనమే ఇప్పటి కోల్డ్ క్రీములకు మూలపురుషుడు. మన ఆయుర్వేదంలోనైతే నూనెకు, నేతికి స్నేహమనే పేరు. చెలిమికీ, జిడ్డుకీ ఒకే మాట వాడిన పూర్వులు ఈ విషయంలో కొంత ఆలోచించే ఉంటారు.

ధరకూ గుణానికీ ఇక్కడ సంబంధం చాలా తక్కువ. సువాసన, రంగు, మూలికల పేర్లు, అట్టపెట్టెమీది సినీతార ఇవన్నీ ధరను పెంచుతాయి. వీటిలో సువాసన మాత్రం చర్మానికి హాని కూడా చేయగలదు. దురద ఉన్నవారు వాసన లేని దానినే ఎంచుకోవలెను. తెల్లని పెట్రోలియం జెల్లీ జిడ్డుగా ఉంటుందన్న ఒక్క లోపం తప్ప చవకైనది, భద్రమైనది. వేసవిలో చెమట పట్టే వేళ అది ఉక్కపోసినట్లుంటుంది కావున పలుచని లోషను వాడి, చలికాలంలో జెల్లీకి మారడం మంచిది.

ఇప్పుడు పిల్లవాని విషయం. మోచేతి మడతలలో, మోకాళ్ళ వెనుక వచ్చి పోతూ ఉండే దురదను వైద్యులు సాధారణంగా అటోపిక్ ఎగ్జిమా అంటారు. మన వాడుకలో దీనినీ, శిలీంధ్రం వలన వచ్చే గుండ్రని మచ్చలనూ కూడా తామర అనే పిలవడం వలన చాలా అనర్థం జరుగుతున్నది. రెండూ వేరు. రెండవది అంటువ్యాధి, దానికి క్రీముల వలన ఉపశమనం లేదు, శిలీంధ్ర నాశక ఔషధం కావలెను. రాత్రివేళ ఇంటిల్లిపాదికీ దురద ఉంటే అది గజ్జి అయి ఉండవచ్చు. దానికీ వేరే మందు, ఇంట్లో అందరికీ ఒకేసారి వాడవలెను. ఎగ్జిమా అంటుకొనేది కాదు. కొందరిలో చర్మపు గోడ పుట్టుకతోనే కొంత బలహీనంగా ఉంటుంది. 2006లో బ్రిటన్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిలగ్రిన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులోని లోపాలను ఎగ్జిమాతోను, చేప పొలుసుల వంటి చర్మం కలిగించే ఇక్తియోసిస్‌తోను ముడిపెట్టి చూపిన తరువాత, తల్లి తిన్న తిండిమీద, పిల్లవాని రక్తంమీద నిందవేసే అలవాటు వైద్యులలోనైనా కొంత తగ్గింది.

దుకాణంవారు ఇచ్చిన ట్యూబు వెంటనే పనిచేసి, మానగానే దురద తిరిగి వచ్చిందన్నారు గదా! బహుశా అందులో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. స్టెరాయిడ్ విషం కాదు. వైద్యుడు తగిన బలం గలది, తగినన్ని రోజులు వాడమన్నప్పుడు వాడితే ఎగ్జిమాకు అది మంచి మందే. చీటీ లేకుండా, పేరు తెలియకుండా నెలల తరబడి వాడితే చర్మం పలుచనై చారలు పడుతుంది, శిలీంధ్రపు మచ్చలమీద పూస్తే అవి మొండివై వ్యాపిస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే విక్రయించరాదని నిబంధన విధించినది ఈ కారణంగానే. మాయిశ్చరైజర్ల ఘనత ఇక్కడే కనిపిస్తుంది. 77 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో, వీటిని క్రమంగా వాడిన ఎగ్జిమా రోగులలో వ్యాధి తిరగబెట్టడం తగ్గినట్లు, స్టెరాయిడ్ అవసరం కూడా తగ్గినట్లు తేలింది. అనగా ఇది అలంకార సామగ్రి కాదు, చికిత్సలో భాగం. మంట తగ్గి చర్మం మామూలుగా కనిపించిన తరువాత కూడా మానరాదు. మనవారు ఎక్కువగా పొరపడేది ఈ చోటనే.

అత్తగారి ఆవనూనె గురించి కొంత జాగ్రత్తగా చెప్పవలసి ఉన్నది. ఆవనూనె మర్దనా ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటా ఉన్న ఆచారం. ఇరుగుపొరుగును చూసి మనవారు కూడా అలవరచుకొన్నారు. మర్దనలో దోషం లేదు. పెద్దల చేతి స్పర్శ పిల్లవానికి మేలే చేస్తుంది. దోషం నూనెది. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, దెబ్బతిన్న ఎలుకల చర్మంపై ఆవనూనె పూసినప్పుడు గోడ తిరిగి కట్టుకోవడం ఆలస్యమైనది, ప్రొద్దుతిరుగుడు నూనె పూసినప్పుడు త్వరగా జరిగినది. ఢాకా శిశు ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ప్రొద్దుతిరుగుడు నూనె పూసి చూడగా, పూయని వారికంటె ఆస్పత్రిలో సోకే అంటురోగాలు 41 శాతం తక్కువగా ఉన్నట్లు 2005లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పసిబిడ్డ చర్మం ఎంతటి కోటగోడయో దీనివలన ఊహించవచ్చు. ఇక కొబ్బరినూనె: ఫిలిప్పీన్స్ దేశంలో జరిగిన పరీక్షలలో పొడిచర్మానికి, పిల్లల ఎగ్జిమాకు అది ఉపకరించినట్లు తెలిసింది. కాబట్టి అత్తగారిని మర్దనా మానమనవద్దు, గిన్నెలో నూనె మార్చమని మాత్రం మనవి చేయండి. ఆలివ్ నూనె ఖరీదైనది గనుక మంచిదని భావించేవారున్నారు. దెబ్బతిన్న చర్మానికి అది కూడా తగదు. బస్తరు ప్రాంతపు ఆదివాసులు తరతరాలుగా ఒంటికి వాడుకొనే ఇప్పనూనె గురించి కూడా ఇటువంటి శ్రద్ధతో పరిశోధనలు విరివిగా జరిగితే బాగుండునని ఈ రచయిత కోరిక.

పుట్టబోయే బిడ్డకు ముందుగానే క్రీము వ్రాయడం గురించి అడిగారు. 2014లో వెలువడిన చిన్న అధ్యయనాలు రెండు ఎంతో ఆశ కలిగించాయి. తరువాత బ్రిటన్‌లో 1,394 మంది శిశువులపై, అలెర్జీ చరిత్ర గల కుటుంబాలలోనే, ఒక సంవత్సరంపాటు ప్రతిదినం మాయిశ్చరైజర్ వాడించి, రెండేళ్ళ వయసులో పరీక్షించారు. వాడినవారికీ, వాడనివారికీ ఎగ్జిమా రావడంలో భేదం కనిపించలేదని 2020లో ప్రకటించారు. పైగా వాడినవారిలో చర్మానికి సోకే అంటురోగాలు కొంచెం ఎక్కువగా ఉన్నాయి. ఇటీవల వేరే దేశాలలో జరిగిన కొన్ని పరీక్షలు మళ్ళీ కొంత అనుకూలంగా ఉన్నాయి. కావున వచ్చిన ఎగ్జిమాను అదుపులో ఉంచడానికి మాయిశ్చరైజర్ తప్పనిసరి. రాకుండా ఆపుతుందని మాత్రం వాగ్దానం చేయలేము. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు చర్మం పొడిబారినప్పుడు పూయడం చాలును.

పిల్లవాని స్నానం గురించి ఒక్క మాట. గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలకు మించకుండా. సబ్బు మడతలకు, పాదాలకు చాలును. సామాన్యమైన సబ్బులు క్షార గుణం గలవి. చర్మం స్వభావతః కొద్దిగా ఆమ్ల గుణం గలది. సంక్రాంతికి నలుగుపిండితో ఎర్రబడేవరకు రుద్దే ముచ్చట ఈ బిడ్డకు వద్దు.

మళ్ళీ పాదాల దగ్గరకు వద్దాము, ఎందుకనగా ఛత్తీస్‌గఢ్‌లో ఈ విషయం తక్కిన చోట్లకంటె బరువైనది. దేశం మొత్తంమీద కుష్ఠువ్యాధి పదివేల మందికి ఒకరికంటె తక్కువ స్థాయికి చేరినట్లు 2005 డిసెంబరులో ప్రకటించిన తరువాత కూడా, ఛత్తీస్‌గఢ్ చాలా కాలం ఆ మేరకు దిగిరాని రాష్ట్రాలలో ఒకటిగా ఉండిపోయింది. ఈ నేలమీద దీనిపై జరిగిన సేవకు కూడా పెద్ద చరిత్ర ఉన్నది. చాంపాలో 1902 నాటినుండి కుష్ఠు ఆస్పత్రి ఉన్నది. రైల్వేలో పనిచేస్తూ తానే ఈ వ్యాధికి గురైన సదాశివ గోవింద కాత్రే 1962లో చాంపా సమీపంలోనే భారతీయ కుష్ఠ నివారక సంఘాన్ని స్థాపించారు. అక్కడ జీవితమంతా సేవచేసిన దామోదర్ గణేశ్ బాపట్‌కు 2018లో పద్మశ్రీ లభించింది. మనవారు సెలవులకు రోడ్డు మార్గాన జగదల్పూరు, కోరాపుట్ మీదుగా విజయనగరం వెళ్ళేటప్పుడు దాటే సాలూరులో కూడా ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి ఉన్నది.

కుష్ఠువ్యాధిలో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని నేటికీ అనేకుల అపోహ. వేలూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ దానిని తప్పని నిరూపించారు. వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. నొప్పి తెలియదు. నొప్పి తెలియని పాదం రాయి తొక్కినా, పుండు పడినా నడుస్తూనే ఉంటుంది. పాదాన్ని పాడుచేసేది ఆ నడక. ఇందులో మన విషయానికి సంబంధించినది ఒకటి ఉన్నది. స్పర్శనిచ్చే నరాలతోపాటు చెమట గ్రంథులకు వెళ్ళే నరాలు కూడా దెబ్బతింటాయి. చెమట లేని పాదం నదీగర్భంలోని ఎండిన ఒండ్రుమట్టివలె బీటలు వారుతుంది. ఆ బీట నొప్పి పెట్టదు గనుక ఎవరూ గమనించరు, దానిలోనుండి క్రిములు ఎముకదాకా పోతాయి. ఇంకొక విచిత్రం: ఈ వ్యాధికి ఉచితంగా ఇచ్చే మూడు మందులలో ఒకటైన క్లోఫాజిమిన్ చర్మాన్ని నల్ల ఎరుపుకు తిప్పడమే గాక మరింత పొడిబారజేస్తుంది. ఇది తెలియక, మందు పడడం లేదనుకొని మధ్యలో మానివేసేవారున్నారు. మానరాదు. ఆరు నెలలో, పన్నెండు నెలలో వైద్యుడు చెప్పినంత కాలం మ్రింగి, ఒంటికి నూనెగాని జెల్లీగాని రాసుకొంటూ ఉంటే సరిపోతుంది. రంగు తరువాత క్రమంగా తగ్గుతుంది.

ఇటువంటి పాదానికి కుష్ఠు ఆస్పత్రులలో నేర్పే పద్ధతి పైసా ఖర్చు లేనిది. ప్రతిదినం ఇరవై, ముప్పై నిమిషాలు మామూలు చల్లని నీటిలో పాదాలు నానబెట్టవలెను. వేడి నీరు ఎంతమాత్రం కూడదు, బొబ్బలెక్కినా తెలియదు గనుక. నానిన గట్టి చర్మాన్ని గరుకు రాతితో నెమ్మదిగా రుద్దవలెను, బ్లేడు ముట్టరాదు. నీరు కారనిచ్చి, తుడువకుండానే జెల్లీ లేక నూనె పట్టించవలెను. బ్లాంక్ ప్రయోగంలోని సారమంతా ఈ పల్లెటూరి చికిత్సలో ఇమిడి ఉన్నది. అయితే మధుమేహం వలన స్పర్శ పోయిన పాదానికి నానబెట్టడం తగదని వైద్యులు అంటారు. వారు పాదాలు కడిగి, వేళ్ళ సందులు పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, పైన, మడమకు మాత్రమే క్రీము రాసుకోవలెను. వేళ్ళ సందులలో పూస్తే అక్కడ తడి నిలిచి పాచి పడుతుంది. చూడండి, పైకి ఒకే రకమైన పగులు, సంరక్షణ మాత్రం భిన్నం. మామగారికి ముందు రోగ నిర్ణయం జరగాలని పట్టుబట్టడానికి ఇదే కారణం. ఒకవేళ అది కుష్ఠువ్యాధే అని తేలినా ఇంట్లో గిన్నె, పక్క వేరు చేయవలసిన పనిలేదు. మందు మొదలుపెట్టిన తరువాత ఆయన వలన ఇతరులకు సోకే ప్రమాదం ఉండదు. మనుమడు యథాప్రకారం తాతగారి ప్రక్కన పడుకోవచ్చు.

మూత్రపిండాల వ్యాధి ముదిరినవారిలో, డయాలిసిస్ జరుగుతున్నవారిలో కూడా చర్మం తీవ్రంగా పొడిబారి, రాత్రులు నిద్రపట్టని దురద కలుగుతుంది. గరియాబంద్ జిల్లాలోని సుపేబేడా గ్రామాన్ని గురించి ఈ రాష్ట్రంలో విననివారుండరు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మన కుటుంబాలలో కొందరికి సొంత ఊరి దుఃఖమే. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమైనవి. ఇటువంటి రోగుల దురదకు వైద్యులు మొదట సూచించేది మాయిశ్చరైజరే. వ్యాధిని అది తగ్గించదు, కాని నిద్ర పట్టిస్తుంది. ఇంటివారు రోజుకు రెండుసార్లు వీపుకు రాసిపెట్టగలిగితే అదే పెద్ద సేవ.

మన పనిస్థలాలలో చేతుల విషయం ప్రత్యేకమైనది. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. అందులోని క్రోమియం కొందరికి మొండి అలెర్జీ కలిగిస్తుంది. ఐరోపా దేశాలు సిమెంటులో ఆ క్రోమియాన్ని పదిలక్షలకు రెండు భాగాలకు మించకుండా చట్టం చేసుకొన్నాయి. యంత్రశాలలో కోత నూనెలు, శుభ్రపరచే రసాయనాలు చేతుల జిడ్డును కరిగిస్తాయి. షిఫ్టు ముగిసిన తరువాత గ్రీజు వదలడానికి కిరోసినుతో చేతులు కడుక్కొనే అలవాటు ఇంకా అక్కడక్కడ కనిపిస్తున్నది. దానికంటె చెడ్డది మరొకటి లేదు. పనికి ముందు క్రీము పూసుకొంటే చేతితొడుగులు అక్కరలేదని కొందరి నమ్మకం. తొడుగుకు క్రీము ప్రత్యామ్నాయం కాదు. పని ముగిసి, చేతులు సౌమ్యమైన సబ్బుతో కడిగిన తరువాత పూసే క్రీము మాత్రం నిజంగా ఉపయోగకరం. అంట్లు తోమి, బట్టలు ఉతికే గృహిణుల చేతులకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఎంత పూయాలన్నది చాలామంది అడుగని ప్రశ్న. ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న పెద్దవారికి వారానికి అరకిలో వరకు, పిల్లవానికి పావుకిలో వరకు అవసరమవుతుంది. ఇరవై గ్రాముల అందమైన సీసా రెండు రోజులకు కూడా రాదు. అందుకే చవకైనది, పెద్దడబ్బా కొనండని చెప్పడం. రోమాలు వాలిన దిక్కుగా నెమ్మదిగా రాయండి, ఎదురు రుద్దితే రోమకూపాలలో పొక్కులు లేస్తాయి. డబ్బాలో వేళ్ళు ముంచక శుభ్రమైన చెంచాతో తీసుకోండి. వైద్యుడు స్టెరాయిడ్ కూడా ఇచ్చి ఉంటే రెండింటినీ ఒకదానివెంట ఒకటి పూయక కొంత వ్యవధి ఇవ్వండి. పొక్కులలో చీము, జ్వరం ఉంటే పూతలతో కాలయాపన చేయవద్దు. యూరియా కలిసిన క్రీములు దళసరి మడమలకు మంచివి, పగిలినచోట మాత్రం మండుతాయి.

చివరగా ఒక ప్రమాదం గురించి, ఇది మన సంస్థల భద్రతా విభాగంవారు కూడా గమనించదగినది. క్రీములు, జెల్లీ ఇంకి ఎండిన బట్టలు, దుప్పట్లు మామూలు బట్టలకంటె త్వరగా అంటుకొని వేగంగా మండుతాయని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. చర్మంమీది క్రీము వలన ఈ ప్రమాదం లేదు. బట్టలో చేరిన దానివలననే. కావున కరిగిన లోహం, వెల్డింగు నిప్పురవ్వలు ఉన్నచోట పనిచేసేవారు క్రీము రాసుకొన్న ఒంటిమీద నేరుగా పని దుస్తులు తొడుగక లోపల వేరొక నూలు చొక్కా వేసుకొని, దానిని రోజూ మార్చవలెను. ఇంట్లో గ్యాసు పొయ్యివద్ద, దీపారాధనవద్ద ఒళ్ళంతా జెల్లీ పూసుకొన్న పిల్లలను, వృద్ధులను ఓ కంట కనిపెట్టి ఉండండి. పడకమీద బీడీ కాల్చే తాతగార్ల విషయం వేరుగా చెప్పనక్కరలేదు. స్నానాల గదిలో నేలమీద పడిన జిడ్డును వెంటనే సబ్బునీటితో కడిగివేయండి.

వచ్చే సంచికలో: వేసవి షిఫ్టులు – వడదెబ్బ. సందేహాలను యథాప్రకారం సంపాదకవర్గానికి పంపగలరు; పేర్లు ప్రచురించబడవు.